మీరడిగారు: హెన్రీ రాజు పెళ్లిళ్లు, మన సీమ చర్చిలు

ప్రశ్న: సార్ నమస్తే. నేను కర్నూల్లో డిగ్రీ చదువుతున్నా, మాది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబం. మా జేజినాయన నంద్యాల దగ్గర ఎస్పీజీ అనే ఇంగ్లండ్ చర్చి మిషన్ బళ్లో చదువుకున్నాడు. మొన్న క్లాసులో ఒకబ్బాయి "మీ చర్చి ఇంగ్లండ్ రాజు రెండో పెళ్లి కోసం పుట్టింది" అంటే అందరూ నవ్వినారు, నాకు ఏం చెప్పాలో తెలీలా. నిజమేనా సార్?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: బాధపడొద్దు తల్లీ, ఆ అబ్బాయికి తెలిసింది సగమే. ఎనిమిదో హెన్రీ రాజయింది 1509లో, మన కృష్ణదేవరాయలు గద్దెనెక్కిన ఏడాదే. అప్పటికి ఇతనికి పద్దెనిమిది కూడా నిండలేదు. ఆ ఏడాదే, అంతకు ముందే చనిపోయిన అన్న ఆర్థర్ భార్యని, అంటే స్పెయిన్ రాజు కూతురు కాథరిన్‌ని పెళ్లి చేసుకున్నాడు, వదినని చేసుకోవాలంటే పోప్ పర్మిషన్ కావాలి కాబట్టి అదీ తెచ్చుకున్నారు, తర్వాత ఇరవై ఏళ్లకి జరిగిన గొడవంతా ఈ పర్మిషన్ మీదే.

ఆమెకి కాన్పులు చాలానే అయినాయి గానీ బతికి బట్టకట్టింది 1516లో పుట్టిన మేరీ ఒక్కతే. కొడుకు లేడు. హెన్రీ వాళ్ల నాయన 1485లో యుద్ధం చేసి కిరీటం తెచ్చుకున్నోడు, అంతకుముందు ముప్పై ఏళ్లు దాయాదులు ఆ కిరీటం కోసం ఒకరినొకరు నరుక్కున్నారు, దాయాదుల కక్ష ఎన్ని ఇళ్లు ముంచుతుందో మన సీమలో వేరే చెప్పాల్సిన పనిలేదు. వారసుడు లేకపోతే మళ్లీ అదే వస్తుందని హెన్రీ భయం. ఆ భయం నిజమైందే, కానీ తప్పంతా భార్య మీద వేశాడు చూడు, దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేను. వదినని చేసుకున్నందుకు దేవుడు శిక్షించాడు, ఆ పెళ్లి చెల్లదని ప్రకటించమని పోప్‌ని అడిగాడు. పోప్ క్లెమెంట్ ఎట్లా ఒప్పుకుంటాడు, 1527లో రోమ్ నగరాన్ని దోచింది చక్రవర్తి చార్లెస్ సైన్యం, ఆ చార్లెస్ కాథరిన్‌కి సొంత అక్క కొడుకు.

1529లో లండన్‌లో విచారణ పెట్టారు. కాథరిన్ నిండు కోర్టులో లేచి వచ్చి రాజు ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఇన్నేళ్లు నీకు నమ్మకంగా కాపురం చేశాను, నేనేం తప్పు చేశానో చెప్పమని అడిగి, జవాబు రాకపోతే లేచి బయటికి నడిచింది, వెనక్కి పిలుస్తున్నా తిరిగి చూడలేదు. ఈమె కోటలో కూర్చుని ఏడ్చిన మనిషి కాదమ్మా. 1513లో హెన్రీ ఫ్రాన్స్ మీద యుద్ధానికి పోయినప్పుడు రాజ్యం చూసుకుంది ఈమే, అదే టైంలో స్కాట్లండ్ రాజు దండెత్తి వస్తే ఈమె పంపిన సైన్యం ఫ్లాడెన్‌లో అతన్ని చంపింది, ఆ రాజు తొడుక్కున్న కోటు ముక్కని జెండాగా వాడుకోమని ఫ్రాన్స్‌లో ఉన్న మొగుడికి పంపింది. నవ్వినోళ్లకి ముందు ఈమె గురించి చెప్పు.

పోప్ కుదరదన్నాక హెన్రీ 1533లో ఆన్ బొలిన్‌ని చేసుకున్నాడు, మొదటి పెళ్లి చెల్లదని ఆర్చిబిషప్ క్రాన్మర్‌తో అనిపించాడు, 1534లో ఇంగ్లండ్ చర్చికి పెద్ద రాజే అని పార్లమెంటులో చట్టం చేయించాడు. దీన్ని ఒప్పుకోని తన పాత మంత్రి థామస్ మోర్ తల 1535లో తీయించాడు. ఆ అబ్బాయి చెప్పింది ఇక్కడి వరకు కరెక్టే. కానీ పోప్‌ని వద్దన్నాడు గానీ పాత ఆరాధనని హెన్రీ వదల్లేదు. 1521లో, పోప్‌ని ఎదిరించిన జర్మనీ పాదిరి లూథర్‌కి ఎదురుగా పుస్తకం రాసి పోప్ దగ్గర "విశ్వాస రక్షకుడు" అని బిరుదు తీసుకున్నది ఇతనే, 1539లో చేసిన చట్టంలో కూడా ఫాదర్లు పెళ్లి చేసుకోకూడదనే పెట్టాడు. 1540 జూలై 30న ఒకే రోజు, ఒకే చోట ముగ్గురిని లూథర్ మాటలు చెప్పారని కాల్చారు, ముగ్గురిని పోప్‌ని నమ్మారని ఉరితీశారు. మంచి జరిగిందంటే, ప్రతి చర్చిలో ఇంగ్లీషు బైబిల్ పెట్టమన్నది ఆయన కాలంలోనే, మామూలు జనం తమ భాషలో వాక్యం విన్నారు.

ఇంగ్లీషు ప్రార్థనల పుస్తకం వచ్చింది హెన్రీ పోయాక, 1549లో. ఎస్పీజీ పుట్టింది 1701లో, నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు పక్కకి వాళ్లు వచ్చింది ఇంకా చాలా తర్వాత. మీ జేజినాయన బళ్లో నేర్చుకున్న ప్రార్థనలు హెన్రీ రాసినవి కావు తల్లీ. రోమ్‌తో తాడు తెంపింది ఆయన, తర్వాత కట్టింది వేరే వాళ్లు.

ప్రశ్న: ఆరుగురు భార్యల్లో మిగతా వాళ్లు ఏమైనారు? మఠాలు మూసేశాడంటారు, ఆ డబ్బంతా ఏమైంది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఆన్ బొలిన్‌కి ఎలిజబెత్ పుట్టింది, మళ్లీ ఆడపిల్లే. 1536 మే 19న ఆమె తల నరికించి, పదకొండో రోజుకి జేన్ సీమోర్‌ని పెళ్లాడాడు. జేన్ కొడుకుని కని పన్నెండు రోజులకి చనిపోయింది. నాలుగో ఆమె క్లీవ్స్ ఆన్, ఆర్నెల్లకే రద్దు, ఇళ్లు, భరణం ఇచ్చి పంపించారు, ఆరుగురిలో అందరికన్నా చివర పోయింది ఆమే. ఐదో భార్య కాథరిన్ హవర్డ్ చిన్న పిల్ల, 1542లో ఆమె తలా తీయించాడు. ఆరో ఆమె కాథరిన్ పార్ మొగుడి తర్వాత కూడా బతికింది. ఇంత చేసి సంపాదించుకున్న కొడుకు ఎడ్వర్డ్ పదిహేనేళ్లకే పోయాడు, కూతుళ్లిద్దరూ రాణులైనారు, ఎలిజబెత్ ఏలింది 44 ఏళ్లు.

మఠాల సంగతి. మన దగ్గర అహోబిలం మఠానికో బ్రహ్మంగారి మఠానికో పోతే అన్నం పెడతారు, ఉండనిస్తారు కదా, అక్కడి మఠాలూ బీదోళ్లకి, బాటసారులకి అట్లాంటివే. 1536 నుంచి 1540 లోపల ఎనిమిది వందల దాకా మూసేశారు, కప్పుల మీది సీసం కూడా ఊడదీసి కరిగించారు. ఉత్తరాది జనం తిరగబడితే నాయకుడు రాబర్ట్ ఆస్క్‌ని ఉరితీశారు. భూములు చాలా వరకు అమ్మి డబ్బు యుద్ధాల్లో పోశారు, అది కూడా చాలక 1544 నుంచి వెండి నాణేల్లో రాగి కలిపారు, చివరికి వెండి మూడో వంతుకి దిగింది. బంగారం అంగళ్ల మధ్య ఉండే ప్రొద్దుటూరోళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది, నాణెం మీద రాజు ముక్కు దగ్గర పైపూత అరిగి లోపలి రాగి కనపడేది, అందుకే జనం ఆయన్ని "రాగి ముక్కు" అన్నారు.

ప్రశ్న: అన్ని యుద్ధాలు చేసి ఏం గెలిచాడు సార్?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 1544లో ఫ్రాన్స్ తీరంలో బులోన్ పట్టణం పట్టుకున్నాడు, ఆయన పోయిన మూడేళ్లకి డబ్బు తీసుకుని తిరిగి ఇచ్చేశారు. 1545లో ఫ్రెంచ్ నౌకలు వస్తే ఎదురెళ్లిన మేరీ రోజ్ అనే పెద్ద ఓడ, పోర్ట్స్‌మత్ దగ్గర, రాజు ఒడ్డు మీద ఉండగానే పక్కకి ఒరిగి మునిగిపోయింది, వందల మంది సైనికులు, నావికులు పోయారు. 1982లో దాన్ని పైకి తీస్తే విల్లులు, ఫిరంగులతో పాటు వాళ్ల చెక్క దువ్వెనలు దొరికాయి, మన ఇళ్లలో పేన్లు తీసే దువ్వెన మాదిరే సన్న పళ్లవి, కొన్నిట్లో పేన్లు, ఈపులు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి.