గుర్తు మారితే రేఖే మారిపోతుంది

ప్రశ్న: 3ఎక్స్ - 4వై + 24 = 0 రేఖ అంతరఖండాలు 8, 6 అని రాశాను. అక్షాలతో ఏర్పడే త్రిభుజ వైశాల్యం 24 చదరపు యూనిట్లు సరిగ్గానే వచ్చింది. అయినా అంతరఖండాలకు మార్కులు వేయలేదు. ఎందుకండీ?
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, కావలి

జవాబు: వైశాల్యం సరిపోవడం వల్లే మీకు తప్పు కనపడలేదు. అంతరఖండం అంటే రేఖ అక్షాన్ని ఖండించే చోట ఆ అక్షం మీది విలువ, గుర్తుతో సహా. ఎక్స్ అక్షం మీద ఏ బిందువుకైనా వై విలువ సున్నా. అందుకని వై = 0 పెడితే 3ఎక్స్ = -24, అంటే ఎక్స్ = -8. అలాగే ఎక్స్ = 0 పెడితే -4వై = -24, వై = 6. అంతరఖండాలు -8, 6. మీరు రాసిన 8 మూలబిందువు నుంచి దూరం. దూరానికి గుర్తుండదు, అంతరఖండానికి ఉంటుంది. అంతరఖండాలు 8, 6 ఉన్నది వేరే రేఖ: 3ఎక్స్ + 4వై = 24. త్రిభుజం రెండో పాదం (ఎక్స్ రుణం, వై ధనం అయ్యే భాగం) వదిలి మొదటి పాదంలోకి (రెండూ ధనం అయ్యే భాగం) వచ్చేస్తుంది. వైశాల్యం మాత్రం అక్కడా 24!

కాబట్టి వాలుతో సరిచూసుకోండి. వై అంతరఖండాన్ని ఎక్స్ అంతరఖండంతో భాగించి గుర్తు మార్చితే వాలు వస్తుంది. -8, 6 తీసుకుంటే 3/4, సమీకరణం చెప్పేదీ అదే. 8, 6 తీసుకుంటే -3/4. తప్పు అక్కడే పట్టుబడుతుంది.

అంతరఖండ రూపంలోకి, అంటే ఎక్స్, వైల కింద వాటి అంతరఖండాలు, కుడివైపు 1 ఉండేలా మార్చేటప్పుడు కూడా ఇదే గొడవ. 3ఎక్స్ - 4వై = -24 అయ్యాక చాలామంది 24తో భాగించి కుడివైపు -1 మిగులుస్తారు. అక్కడ +1 రావాలి, కనుక -24తోనే భాగించాలి: ఎక్స్/(-8) + వై/6 = 1.

2ఎక్స్ - 5వై = 0 లాంటి రేఖకు రెండు అంతరఖండాలూ సున్నాలే; గీయాలంటే (5, 2) వంటి మరో బిందువు కావాలి. వై = 4కు ఎక్స్ అంతరఖండం అసలు లేదు. అక్కడ సున్నా అని రాస్తే తప్పే.

ప్రశ్న: ఈ లెక్క రొయ్యల చెరువు దగ్గర పనికొస్తుందా?
– ఒక రైతు, ఒంగోలు

జవాబు: వస్తుంది. 120 సెంటీమీటర్ల నీటిని మోటారుతో గంటకు 5 సెంటీమీటర్లు తగ్గేలా తోడితే, ఎక్స్ గంటల తర్వాత లోతు వై = 120 - 5ఎక్స్. వై అంతరఖండం 120, మొదట ఉన్న లోతు. ఎక్స్ అంతరఖండం 24, చెరువు ఖాళీ అయ్యే గంట. గట్లు ఏటవాలుగా ఉంటే కింద వైశాల్యం తక్కువ, చివర్లో మట్టం ఇంకా వేగంగా పడుతుంది. మోటారు లేకుండా తూము తీసి వదిలితే మాత్రం మట్టం తగ్గేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి, ధార సన్నబడుతుంది. అప్పుడు 24 గంటల్లో ఖాళీ అవుతుందని కూలీలను పిలవకండి.