ఇద్దరికీ ఒకటే స్కూలు, వాడొక్కడే ఎందుకిలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. పాప ఇంటర్ ఎంపీసీ, బాగా చదువుతుంది. బాబు తొమ్మిదో తరగతి. ఇద్దరినీ ఒకే స్కూల్లో వేశాం, ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్, సాయంత్రం స్టడీ అవర్లు అన్నీ ఒకటే. వాడు తెలుగైనా ఇంగ్లిషైనా కూడబలుక్కుని చదువుతాడు, రాస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. వీధిలో ఎవరింట్లో ఫ్యాను తిరగకపోయినా వాడే బాగుచేస్తాడు. ‘ఒకరికి వెన్న, ఒకరికి సున్నం పెట్టానా? ఇద్దరికీ ఒకే ఫీజు కట్టానుగా, వీడిది ఒట్టి బద్ధకం’ అని మావారు స్క్రూడ్రైవర్లు దాచేశారు. అప్పట్నుంచి వాడు మాతో మాట్లాడటం మానేశాడు.

జవాబు: ముందు ఆ స్క్రూడ్రైవర్లు వాడికి ఇచ్చేయండమ్మా. మిగతావి తర్వాత.

మీవారు అన్నదాంట్లో కోపం కన్నా బాధే ఎక్కువ కనిపించింది నాకు. పిల్లలిద్దర్నీ సమానంగా చూశాననుకున్న తండ్రి, ఒకరు పైకి వెళ్తూ ఒకరు వెనకబడుతుంటే, తప్పు తనది కాదు కాబట్టి పిల్లాడిదే అనుకుంటాడు. కానీ ఆయన కట్టిన ఫీజుకి వచ్చిందేమిటో చూడండి. గబగబా చదివి, గుర్తుపెట్టుకుని, బిట్లు పెట్టగలిగే పిల్లలకి పనికొచ్చే చదువు అది. మీ పాపకి అది సరిగ్గా అతికింది. బాబుకి మాత్రం అదే స్టడీ అవర్ అంటే, అర్థంకాని పేజీ ముందు రోజూ ఇంకో రెండు గంటలు కూర్చోవడం.

మీరు రాసింది చూస్తే డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బంది, ఉందేమో అనిపిస్తోంది. ఉత్తరం చూసి తేల్చేసే విషయం కాదు, అందుకే ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించి, ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టుకి చూపించండి. ఖర్చుకి భయపడితే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డైక్ (డీఈఐసీ, డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) ఎక్కడుందో కనుక్కోండి, 18 ఏళ్ల లోపు పిల్లల కోసం పెట్టినవి అవి. సైకాలజిస్టు దగ్గరికి అనగానే ‘పిల్లాడికి పిచ్చా’ అనే చుట్టాలు ఉంటారు, వాళ్లకి కళ్ళ డాక్టరు దగ్గరికి అని చెప్పి బస్సెక్కండి, అబద్ధం కూడా కాదు. తెలివికీ ఈ ఇబ్బందికీ సంబంధం లేదు. తిరగకుండా మూలుగుతున్న ఫ్యాను చూసి కెపాసిటర్ పోయిందని పట్టుకుని, 2.5 మైక్రోఫారాడ్‌ది తెచ్చి వేసే పిల్లాణ్ని మొద్దు అని ఎవరంటారు?

అది డిస్లెక్సియానే అని తేలితే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ సమస్య పేరు కూడా ఉంది. పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు దొరుకుతాయి, కానీ సర్టిఫికెట్ కావాలి, ముందుగా దరఖాస్తు పెట్టాలి. పదో తరగతి హాల్‌టికెట్ వచ్చాక పరిగెత్తితే లాభం లేదు. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు కాబట్టే తొందర పెడుతున్నాను.

స్కూల్లో పెద్ద కోరికలేం కోరకండి, తీరవు. రెండే అడగండి: క్లాసులో అందరి ముందు లేపి పాఠం చదివించొద్దని, స్లిప్ టెస్టుల్లో కొన్ని జవాబులు నోటితో చెప్పించుకోమని. ఫౌండేషన్ మాన్పించేయండి, ఆ టైము వాడికి కావాలి. ఇంట్లో సైన్సు, సోషల్ పాఠాలు అక్కని ఫోన్లో చదివి రికార్డు చేయమనండి, వాడు వింటూ పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంటాడు. ఇరవై నిమిషాలు చాలు, ఆపి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇక ఓమ్ సూత్రం, మోటారు పనిచేసే తీరు వాడికి పుస్తకం కన్నా ముందే చేతికి తెలుసు, అక్కడి నుంచి పాఠంలోకి రానివ్వండి. ఫ్యాను విప్పినప్పుడు భాగాల బొమ్మ గీసి పేర్లు రాయమనండి. ఒత్తులు తప్పు పోయినా ఆ రోజుకి దిద్దకండి.

అక్క రికార్డు చేసేటప్పుడు మాత్రం ‘ఇది కూడా రాదా’ అనకూడదు, ఆ షరతు గట్టిగా పెట్టండి.

పది తర్వాత ఏంటని మీవారు తప్పకుండా అడుగుతారు. పాలిసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరొచ్చు, మూడేళ్లు. ఆ పరీక్ష పదో తరగతి పాఠాల మీదే ఉంటుంది. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా వెళ్లొచ్చు, అంటే ఆయన కోరుకున్న ఇంజినీరింగ్ ఎక్కడికీ పోలేదు, దారి మారిందంతే. అంత చదువు వద్దంటే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. ఏది అనేది ఇవాళే తేల్చకండి. ఒకసారి వాణ్నే వెంటబెట్టుకుని దగ్గర్లోని పాలిటెక్నిక్‌కి వెళ్లి ల్యాబులు చూపించి రండి, వీలైతే మీవారితో పంపండి, మీరు ఇంట్లో ఉండిపోండి.

మాట్లాడటం లేదని వెంటపడి ‘ఏమైందిరా’ అని అడగొద్దు. ఇంట్లో మిక్సీయో ఇస్త్రీపెట్టో ఏదో ఒకటి పాడై ఉంటుంది కదా, అది వాడి ముందు పెట్టి చూడమనండి. రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయండి, స్కూలుకి ఇవ్వాల్సిన అర్జీ ఎలా ఉండాలో అప్పుడు చూద్దాం.