తప్పుకే కార్డు, మనిషికి కాదు

ఫుట్‌బాల్ మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న ఒక మాజీ రిఫరీ ఇచ్చిన జవాబులు.

ప్రశ్న: ఇంగ్లండ్ లీగ్‌లో నేను న్యూకాజిల్ ఫ్యాన్‌ని. మా రూమ్మేట్‌ది లివర్‌పూల్. మా టీమ్ వదిలి వాళ్ల టీమ్‌కి వెళ్లడం కోసం ఇసాక్ ఆడనని మొండికేశాడు కదా. అది నమ్మకద్రోహం అని నేనంటాను. ఎక్కడ ఆడాలో అతని ఇష్టం అని వాడంటాడు. మాటలు మానేసి మూడు వారాలైంది. ఎవరిది కరెక్ట్?
- డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బాబూ, ఈ జవాబు చదివే లోపే మీ రూమ్మేట్‌ని తీసుకుని టీకి వెళ్లు. ఆ తర్వాత నింపాదిగా వాదించుకోవచ్చు.

2025 మార్చిలో వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్ గుర్తుందా? న్యూకాజిల్ 2-1తో లివర్‌పూల్‌నే ఓడించింది. రెండో గోల్ ఇసాక్‌ది. 1955 తర్వాత ఆ ఊరికి దేశంలోని పెద్ద కప్పు వచ్చింది అప్పుడే. డెబ్బై ఏళ్లు! తాతలు చూసిన కప్పును మనవలు చూశారు. ఐదు నెలలు తిరిగేసరికి అదే ఇసాక్, క్లబ్ తనకిచ్చిన మాట తప్పిందని ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. అలాంటి మాట ఎవరూ ఇవ్వలేదని క్లబ్ చెప్పింది. కొత్త సీజన్ మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లకు అతను లేడు. ఆస్టన్ విల్లాతో 0-0. లీడ్స్‌తో 0-0. ఆ రెంటి మధ్య లివర్‌పూల్ మ్యాచ్. ఒకరికి రెడ్ కార్డు పడి పదిమందే మిగిలి, రెండు గోల్స్ వెనకబడి కూడా న్యూకాజిల్ 2-2 చేసింది. ఇంజురీ టైమ్ పదో నిమిషంలో పదహారేళ్ల రియో ఎన్గుమోహా గోల్ కొట్టాడు. పోయింది. సెప్టెంబర్ 1న ఇసాక్ 12.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్ చేరాడు.

వెళ్లాలనుకోవడం తప్పు కాదు. ఈ ముక్క గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బెల్జియంలో జాన్-మార్క్ బోస్మాన్ అనే ఆటగాడు ఉండేవాడు. లీజ్ క్లబ్‌తో కాంట్రాక్ట్ అయిపోయింది. కొత్త కాంట్రాక్ట్‌లో జీతం నాలుగో వంతు ఇస్తామన్నారు. ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్‌కి పోతానంటే, మాకు డబ్బు కట్టందే పోనివ్వం అన్నారు. కాంట్రాక్ట్ అయిపోయిన మనిషిని కట్టేసుకోవడం ఏమిటి? అతను కోర్టుకెక్కాడు. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. అప్పటికి ఆటగాడిగా అతని మంచి వయసంతా అయిపోయింది. ఇవాళ కాంట్రాక్ట్ ముగిసిన ప్రతి ఆటగాడూ ఫ్రీ ట్రాన్స్‌ఫర్ మీద దర్జాగా క్లబ్ మారుతున్నాడంటే, అది బోస్మాన్ పోగొట్టుకున్న ఏళ్ల ఫలితం. అందుకే "డబ్బు కోసం వెళ్లిపోయాడు" అని ఎవరైనా ఈసడిస్తే నాకు కష్టంగా ఉంటుంది. మీ అన్న హైదరాబాద్‌లో కంపెనీ మారితే ఇంట్లో స్వీట్లు పంచుతారు కదా.

అయితే ఇసాక్‌కి కాంట్రాక్ట్ ఇంకా మూడేళ్లు ఉంది. నేను తప్పు పట్టేది అక్కడే. వెళ్లనివ్వమని అడగొచ్చు, పోట్లాడొచ్చు, ఏజెంటుతో చెప్పించొచ్చు. శనివారం నాడు మాత్రం బూట్లు కట్టుకుని దిగాలి. ఎందుకంటే ఆ నష్టం క్లబ్ యజమానులకు కాదు, పక్కన ఆడేవాళ్లకు. పదిమందితో పరుగెత్తిన ఆ రాత్రి వాళ్ల కాళ్లను తలుచుకో. కాబట్టి మీ రూమ్మేట్ మాట సగం నిజం, నీ మాట సగం నిజం. "ద్రోహి" అన్న ముద్ర మాత్రం వేయకు. మార్చిలో గోల్ కొట్టిందీ ఆ మనిషే. నేను ఇరవై నాలుగేళ్లు ఈల వేశాను. రిఫరీ కార్డు చూపించేది జరిగిన తప్పుకి. ఆ ఆటగాడి మీద అభిప్రాయానికి కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పెద్ద ట్రాన్స్‌ఫర్ జరిగితే ఆ సొమ్ములో 5 శాతం, ఆ ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల వయసులో శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం పెట్టింది. ఇసాక్ చిన్నప్పటి నుంచీ పెరిగింది స్వీడన్‌లోని ఏఐకే క్లబ్‌లో. ఆ కోట్లలో కొంత ఆ ఊరి పిల్లల గ్రౌండుకి చేరే దారి ఉందన్నమాట. ట్రాన్స్‌ఫర్ల పద్ధతి మొత్తంలో నాకు మనసారా నచ్చేది ఇదొక్కటే.

ప్రశ్న: మా షాపు దగ్గర రోజూ ఇదే గొడవ. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గొప్పదా, స్పెయిన్ లా లిగానా? ఫ్రెంచి లీగ్‌ని అందరూ ఫార్మర్స్ లీగ్ అంటారు. మీరేమంటారు?
- మొబైల్ షాపు యజమాని, పటమట, విజయవాడ

జవాబు: ముందు ఆ మాట సంగతి. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మా నాన్న మిరప, పత్తి వేసేవాడు. కోతల రోజుల్లో తెల్లవారకముందే చేనుకి పోయి, కళ్లాల్లో ఆరబోసిన కాయ తడవకుండా రాత్రంతా కాపలా పడుకునేవాడు. చేతకాని ఆటకు "రైతుల లీగ్" అని పేరు పెట్టడం నాకు నచ్చదు. గుంటూరు మిర్చి తిని పెరిగినవాళ్ల నోట అసలు రాకూడదు. దయచేసి మీ షాపులో మానిపించండి.

ఆ లీగ్‌లోని ప్యారిస్ క్లబ్ పీఎస్‌జీ 2024-25లో ఏం చేసిందో చూడండి. యూరప్ మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో ముందు మాంచెస్టర్ సిటీని 4-2తో ఓడించింది. తర్వాత లివర్‌పూల్‌ని వాళ్ల గడ్డ మీదే పెనాల్టీల్లో, ఆ పైన ఆస్టన్ విల్లాని, సెమీస్‌లో ఆర్సెనల్‌ని దాటింది. నాలుగు ఇంగ్లిష్ టీమ్‌లు! మ్యూనిక్ ఫైనల్లో ఇంటర్ మిలాన్ మీద 5-0. మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి దాటాకే మొదలయ్యేవి. నేను ఒక్కటి కూడా వదల్లేదు.

అంటే ఫ్రెంచి లీగ్ గట్టిదని తేలిపోయినట్టా? కాదు. ఒక టీమ్ గట్టిదని తేలింది. మీ షాపు దగ్గర గొడవ తెగకపోవడానికి కారణం ఇదే. ఒకరు పై టీమ్‌ల గురించి మాట్లాడతారు, ఇంకొకరు మొత్తం లీగ్ గురించి. పైనున్న వాళ్లను చూస్తే స్పెయిన్‌కి సాటి లేదు. 2014 నుంచి 2018 వరకు వరసగా ఐదు ఛాంపియన్స్ లీగ్ కప్పులూ స్పెయిన్‌వే. నాలుగు రియల్ మాడ్రిడ్‌కి, ఒకటి బార్సిలోనాకి. రియల్ దగ్గర మొత్తం 15 ఉన్నాయి. అడుగునున్న వాళ్లను చూస్తే ఇంగ్లండ్. యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ తర్వాతి కప్పు యూరోపా లీగ్. 2025లో దాని ఫైనల్ ఆడిన టాటెన్‌హామ్ ఆ సీజన్ ప్రీమియర్ లీగ్‌లో 17వ స్థానం, మాంచెస్టర్ యునైటెడ్ 15వ స్థానం. సొంత లీగ్‌లో చివరి దాకా జారిపోయిన రెండు టీమ్‌లు యూరప్ కప్పు కోసం కొట్టుకున్నాయి. నా కళ్లకు ఇదే పెద్ద రుజువు.

దీని వెనక ఉన్నది టీవీ డబ్బు. ఇంగ్లండ్‌లో 1992లో ప్రీమియర్ లీగ్ పుట్టినప్పటి నుంచీ క్లబ్బులన్నీ కలిసి ప్రసార హక్కులు అమ్ముకుని పంచుకుంటున్నాయి. ఈమధ్య ఆఖరి స్థానంలో ఉన్న క్లబ్‌కి కూడా ఏడాదికి 10 కోట్ల పౌండ్లు దాటి వస్తోంది. స్పెయిన్‌లో 2015 దాకా ఎవరి మ్యాచ్‌లు వాళ్లే అమ్ముకునేవారు. రియల్, బార్సా గిన్నెలు నిండేవి, మిగతావాళ్లకు అడుగూ బొడుగూ. చట్టం తెచ్చాకే అందరూ కలిసి అమ్మడం మొదలైంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దాడూ చిన్నాడూ ఒకే పంక్తిలో కూర్చుని తింటే చిన్నాడికీ బలం వస్తుంది.

ఈ బలాలు శాశ్వతం కూడా కాదు. నేను ఈల పట్టిన కొత్తలో అందరూ ఇటలీ పేరే చెప్పేవారు. 1992 నుంచి 1998 వరకు యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఏడు ఫైనల్స్‌లోనూ ఒక ఇటలీ టీమ్ ఉంది. జర్మనీలో బాయెర్న్ వరసగా పదకొండు టైటిళ్లు కొట్టింది, ఇక ఆ లీగ్ చచ్చిపోయిందన్నారు. 2023-24లో లెవర్కూసెన్ 34 మ్యాచ్‌ల్లో ఒక్కటి కూడా ఓడకుండా టైటిల్ గెలిచింది.

ప్రశ్న: మెస్సీ బార్సిలోనా వదిలేటప్పుడు ఏడ్చాడు, రెండు రోజుల్లో పీఎస్‌జీలో సంతకం పెట్టాడు. ఆ కన్నీళ్లు నిజమేనా?
- ఇంటర్ విద్యార్థిని, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: నిజమేనమ్మా. పదమూడేళ్లప్పుడు అర్జెంటీనా నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటి ఉన్న ఊరు అది. అప్పుల్లో కూరుకున్న క్లబ్, లీగ్ పెట్టిన జీతాల పరిమితిలో అతన్ని ఉంచుకోలేకపోయింది. 2021 ఆగస్టు 8న ఏడ్చాడు, 10న సంతకం పెట్టాడు. పెళ్లయి అత్తారింటికి పోయే ఆడపిల్ల గుమ్మంలో ఏడుస్తుంది, మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. రెండూ నిజమే.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. స్కూలు టీమ్‌లో ఆడతాడు. టీవీలో చూసి రిఫరీ మీద అరవడం, తగలకపోయినా పడిపోవడం నేర్చాడు. అలా చేయకపోతే గెలవలేం అంటున్నాడు. ఏం చెప్పను? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు టెన్షన్ పడకండి. అడిగారంటేనే సగం పని అయినట్టు. మీవాడిని కూర్చోబెట్టి రెండు సంఘటనలు చెప్పండి. 1997లో ఆర్సెనల్‌తో మ్యాచ్. లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్ గోల్‌కీపర్ సీమన్ దగ్గర పడ్డాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. ఫౌలర్ లేచి, తనను ఎవరూ తగల్లేదని చేతులూపి చెప్పాడు. రిఫరీ వినలేదు. ఫౌలర్ కొట్టిన పెనాల్టీని సీమన్ ఆపాడు, తిరిగొచ్చిన బంతిని ఇంకో ఆటగాడు గోల్ చేశాడు. లివర్‌పూల్ 2-1తో గెలిచింది. నిజం చెప్పినా గెలవచ్చని మీవాడికి ఇది చూపిస్తుంది.

రెండోది డి కానియో అనే ఆటగాడిది. 2000 డిసెంబర్‌లో వెస్ట్‌హామ్ తరఫున ఎవర్టన్ మీద ఆడుతున్నాడు. స్కోరు 1-1. ఎవర్టన్ కీపర్ గాయపడి కింద ఉన్నాడు. గోల్ ఖాళీ. పక్క నుంచి కొట్టిన బంతి తన మీదికే వస్తోంది. అతను గోల్ కొట్టకుండా బంతిని చేత్తో పట్టుకుని ఆట ఆపించాడు. ఎదుటి టీమ్ అభిమానులు లేచి చప్పట్లు కొట్టారు, ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది. రెండేళ్ల ముందు, 1998లో, ఇదే డి కానియో రెడ్ కార్డు చూపిన రిఫరీని రెండు చేతులతో తోసి కింద పడేశాడు. పదకొండు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఇది కూడా దాచకుండా చెప్పండి. రిఫరీని తోసిన చేతులే ఆ బంతిని పట్టుకున్నాయి. మీవాడు కూడా మారతాడు.

నాకు జరిగింది ఒకటి చెబుతాను. గుంటూరులో అంతర్ పాఠశాలల ఫైనల్. వానపడి గ్రౌండంతా బురద. కార్నర్ కిక్‌కి గుంపులోంచి బంతి గోల్‌లోకి వెళ్లింది. నేను గోల్ ఇచ్చాను. గోల్ కొట్టిన తొమ్మిదో తరగతి కుర్రాడు, వాళ్ల టీమ్ ఎగురుతుంటే, నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "సార్, చేత్తో కొట్టాను." సెంటర్ నుంచి ఆట మళ్లీ మొదలుకాలేదు కాబట్టి గోల్ రద్దు చేసే వీలుంది. చేశాను. నిబంధన ప్రకారం వాడికి ఎల్లో కార్డు కూడా చూపించాను. కార్డు ఎత్తుతుంటే నా చెయ్యి బరువెక్కింది. వాళ్లు పెనాల్టీల్లో ఓడిపోయారు. మ్యాచ్ అయ్యాక వేపచెట్టు కింద వాళ్ల కోచ్ ఆ పిల్లాడి చెంప మీద కొట్టాడు. నేను నా రిపోర్టులో ఆ దెబ్బ గురించి రాశాను. మరుసటి ఏడు ఆ స్కూలు టీమ్ వచ్చింది, వాడు రాలేదు. వాడికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. ఎక్కడున్నా ఇది చదివితే బాగుండును.

అందుకే, అమ్మా, మ్యాచ్ నుంచి రాగానే ఎన్ని గోల్స్ అని ముందు అడక్కండి. "ఇవాళ రిఫరీతో ఏం మాట్లాడావు?" అని అడగండి. 2024 యూరో కప్పులో కెప్టెన్ ఒక్కడే రిఫరీ దగ్గరికి వచ్చి మాట్లాడాలని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుఎఫా కట్టడి చేసింది. పెద్దవాళ్లకే అలా చెప్పారని మీవాడికి తెలియాలి.

ప్రశ్న: ఎక్కడి ఇంగ్లండో, ఎక్కడి స్పెయినో. మన ఆట గురించి ఒక్కరూ అడగరు, మీరూ రాయరు.
- రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, వన్ టౌన్, విజయవాడ

జవాబు: మీ కోపం న్యాయమైనదే అన్నగారూ. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి తెచ్చారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాది పోయారు. 1965-66లో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆంధ్రప్రదేశ్. మన షాపుల దగ్గర వాదించే పిల్లల్లో ఈ సంగతి ఎందరికి తెలుసు?

2018లో ముంబయిలో మన దేశం 5-0తో గెలిచిన మ్యాచ్‌కి గ్యాలరీలు చాలావరకు ఖాళీ. కెప్టెన్ సునీల్ ఛెత్రీ వీడియో పెట్టి వేడుకున్నాడు: తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి వచ్చి తిట్టండి అని. తర్వాతి మ్యాచ్‌కి టికెట్లన్నీ అయిపోయాయి.

నేను ఇప్పటికీ ఆదివారం పొద్దున మా పేట స్కూలు గ్రౌండుకి వెళతాను. ఆరున్నరకల్లా రెండు టీమ్‌లు తయారు. ఒక గోల్‌కి వల ఉంది, ఇంకోదానికి లేదు. బంతి పోస్టు లోపల పోయిందా బయట పోయిందా అని ప్రతివారం తగువే. గోల్ వెనక నిలబడి చూసి చెప్పే మనిషి కావాలి. మీకు వీలైతే రండి.