హరితకు, ఫిబ్రవరి గడువు రాకముందే

చిరంజీవి హరితకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక జట్టు క్యాప్ విభాగంలో, అంటే జట్టు జీతాల పరిమితి లెక్కలు చూసే చోట చేరావని, ఈ సీజన్‌తో కాంట్రాక్టు ముగిసే ఒక పెద్ద జీతగాణ్ణి ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో, ఎలా వాడాలో నోటు రాసే పని నీకే అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆటగాడి పేరు మాత్రం చెప్పలేదట. మంచి పని చేశావు, నాకూ చెప్పకు. మన ఇంటి పిల్ల అలాంటి లెక్కలు చూస్తోందంటే గర్వంగా ఉంది. భయమూ ఉంది. గడువు తీరే కాంట్రాక్టు, సీజన్ అయ్యాక భారం మిగల్చదు కాబట్టి, చేతిలో ఉన్నంతసేపూ ఎంతో పలుకుతుందనిపిస్తుంది. ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం మూడుకు ట్రేడ్‌ల డెడ్‌లైన్, అది దాటగానే దాని ట్రేడ్ విలువ సున్నా. కట్టేసే వేళకు రైతుబజారులో మిగిలిన తోటకూరకైనా అంతకన్నా ఎక్కువ ధర వస్తుంది.

మొదటి మెట్లు నీకు తెలిసినవే. కాంట్రాక్టు నిజంగా ఈ ఏడుతోనే ముగుస్తుందా చూడు. ప్లేయర్ ఆప్షన్ (ఇంకో ఏడు ఉండాలా వద్దా అని ఆటగాడే తేల్చుకునే హక్కు) ఉంటే అది ముగిసేది కాదు, ముగియవచ్చేది మాత్రమే. ట్రేడ్ కిక్కర్, అంటే ట్రేడ్ అయితే ఆటగాడికి దక్కే అదనపు సొమ్ము, ఉందేమో చూడు, 15 శాతం వరకు ఉండవచ్చు, అదొక్కటే లెక్కంతా తలకిందులు చేస్తుంది. జీతంలో గ్యారంటీ లేని భాగం ఉంటే, లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2017 ఒప్పందం నుంచి ఆ భాగం మనం పంపే జీతం కింద లెక్కకు రాదు. అందరి జీతాలూ గ్యారంటీ అయ్యే జనవరి 10 వరకు ఇది గుర్తుంచుకో. బోనస్‌లను రెండుసార్లు లెక్కవెయ్యి. వచ్చే అవకాశం తక్కువ అనుకున్న బోనస్ క్యాప్ లెక్కలోకి రాదు, క్యాప్‌కు పైన జట్లను కట్టడి చేసే గీత అయిన ఏప్రన్ లెక్కలోకి వస్తుంది.

ఇక అసలు సంగతి. బాగా నిదానంగా చదువు.

2006 డ్రాఫ్ట్ రోజున, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజున, బోస్టన్, పోర్ట్‌లాండ్ జట్లు ఒక ట్రేడ్ చేసుకున్నాయి. బోస్టన్ ఏడో పిక్‌తో (ఏడో వంతు ఎంపికతో) పాటు రాయెఫ్ లాఫ్రెంజ్‌నూ, డాన్ డికావ్‌నూ పంపింది. పోర్ట్‌లాండ్ సెబాస్టియన్ టెల్ఫెయిర్‌నూ, థియో రాట్లిఫ్‌నూ, ఒక రెండో రౌండ్ పిక్‌నూ ఇచ్చింది. లాఫ్రెంజ్ కాంట్రాక్టు 2009 దాకా ఉంది, రాట్లిఫ్‌ది 2008తో ముగుస్తుంది. అంటే బోస్టన్ ఒక మంచి పిక్ వదులుకుని, ఏడాది ముందుగా ముగిసే కాంట్రాక్టు కాగితం కొనుక్కుంది. పోర్ట్‌లాండ్ ఏడాది ఎక్కువ భారం మోయడానికి ఒప్పుకున్నందుకు ఆ పిక్ సంపాదించి, అదే రోజు దాన్ని బ్రాండన్ రాయ్‌గా మార్చుకుంది. మరుసటి ఏడు రాయ్‌కి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు, రూకీ ఆఫ్ ది ఇయర్, వచ్చింది. అప్పటికి గెలిచింది పోర్ట్‌లాండే. ఆ సంగతి ఒప్పుకోకుండా తర్వాతి కథ చెబితే అన్యాయం.

2007 జులై చివర్లో బోస్టన్ తన కాగితాన్ని వాడేసింది. మిన్నెసోటా నుంచి కెవిన్ గార్నెట్‌ను తేవాలంటే 2 కోట్ల డాలర్లు దాటిన జీతానికి దాదాపు సరిపడే జీతం పంపాలి, క్యాప్ దాటిన జట్లకు అదే నియమం. సుమారు 1.17 కోట్ల రాట్లిఫ్ కాంట్రాక్టు అందులో సగం పని చేసింది. దాంతోపాటు అల్ జెఫర్సన్, ర్యాన్ గోమ్స్, జెరాల్డ్ గ్రీన్, టెల్ఫెయిర్, మొదటి రౌండ్ పిక్‌లు వెళ్లాయి. పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన ఇద్దరు ఆటగాళ్లూ ఆ ట్రేడ్‌లోనే ఉన్నారు చూడు. అంతకు ముందు ఏడు 24 ఆటలు గెలిచిన జట్టు 66 గెలిచి, 2008లో టైటిల్ కొట్టింది. ఇంకో మాట: ఆ కాంట్రాక్టు ముగియడానికి ఏడాది ముందు, సీజన్ మొదలవకముందే బోస్టన్ దాన్ని వాడింది. ఆఖరి వారం దాకా ఆగలేదు.

పోర్ట్‌లాండ్ ఆగింది. 2008-09లో లాఫ్రెంజ్ జీతం సుమారు 1.27 కోట్లు. ఆ ఏడు అతను ఒక్క ఆటా ఆడలేదు. జీతంలో పెద్ద వాటా బీమా భరిస్తుంది కాబట్టి ఆ కాంట్రాక్టు తీసుకున్న జట్టుకు చేతి నుంచి పడే ఖర్చూ తక్కువే. అంతకంటే ఆకర్షణీయమైన గడువు కాంట్రాక్టు ఆ ఏడు లీగ్‌లో అరుదు. జట్టు బాగా ఆడుతోంది, ట్రేడ్‌లో రావచ్చని చాలామంది ఆటగాళ్ల పేర్లు వినిపించాయి. 2009 ఫిబ్రవరి 19న డెడ్‌లైన్ దాటింది, లాఫ్రెంజ్ పోర్ట్‌లాండ్‌లోనే ఉన్నాడు. 54 ఆటలు గెలిచిన ఆ జట్టు మొదటి రౌండ్‌లో హ్యూస్టన్ చేతిలో ఆరు ఆటల్లో ఓడింది.

పోనీ, క్యాప్‌లో ఖాళీ వచ్చింది కదా అంటావేమో. వచ్చింది. హిదో టర్కోగ్లు వస్తాడనుకుంటే టొరంటోకు వెళ్లిపోయాడు. పాల్ మిల్‌సాప్‌కు నాలుగేళ్లకు 3.2 కోట్ల ఆఫర్ షీట్ ఇస్తే అతని పాత జట్టు యూటా అంతే ఇస్తానని ఉంచేసుకుంది. చివరకు ఆండ్రే మిల్లర్ వచ్చాడు. మంచి ఆటగాడే. కానీ రాయ్, అతని సహచరుడు ఆల్డ్రిడ్జ్‌ల కొత్త జీతాలు 2010 నుంచి మొదలవబోతున్నాయి, అలాంటి ఖాళీ మళ్లీ దొరకని వేసవి అది. చెడ్డ కాంట్రాక్టు నెత్తిన వేసుకోలేదన్న తృప్తి తప్ప ఆ కాగితం తెచ్చిపెట్టింది తక్కువ.

తప్పు ఎక్కడుందంటే, నా దృష్టిలో ఆఖరి రోజున కాదు. ఎంతకు వదులుకుంటామో, ఎవరికి వదులుకోమో డిసెంబర్‌లోనే రాసిపెట్టుకోకపోతే, జనవరిలో వచ్చిన ప్రతి బేరమూ చిన్నదిగానే కనిపిస్తుంది. అందరూ అడుగుతున్నారంటే ఇంకా ఎక్కువ వస్తుందనిపిస్తుంది. నువ్వు ఆ ఉచ్చులో పడతావేమోనని నా భయమంతా. చిన్నప్పటి నుంచీ నీకు చేతిలోది వదలడం ఇష్టం ఉండదు తల్లీ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి నోటులో రెండు అంకెలు పక్కపక్కన పెట్టు. ట్రేడ్ చేయకుండా వదిలేస్తే జులైలో నిజంగా వచ్చే ఖాళీ ఎంత అన్నది మొదటిది. చాలామంది ఆ జీతమంతా ఖాళీ అవుతుందని రాసేస్తారు. కాదు. బర్డ్ హక్కులున్న (క్యాప్ దాటినా తన జట్టు మళ్లీ సంతకం చేయించుకోగల) ఆటగాడికి, హక్కులు వదులుకునే దాకా, పాత జీతంలో 150 శాతం క్యాప్ హోల్డ్‌గా, అంటే లెక్కలో పట్టి ఉంచిన చోటుగా, కూర్చుంటుంది. సగటు కంటే తక్కువ జీతమైతే 190 శాతం. మిగతా జట్టు జీతాలే క్యాప్ దాటి ఉంటే వచ్చే ఖాళీ ఏమీ ఉండదు, యజమానికి డబ్బు మిగలడం తప్ప. 2025-26లో క్యాప్ 15.46 కోట్లు, దాటితే జట్టు పన్ను కట్టాల్సిన టాక్స్ గీత 18.79 కోట్లు, మొదటి ఏప్రన్ 19.59, రెండోది 20.78. మీ జట్టు ఏ గీతకు ఎంత దూరంలో ఉందో చూడకుండా ఒక్క వాక్యమూ రాయకు.

ట్రేడ్ చేస్తే ఎంత వరకు తెచ్చుకోవచ్చన్నది రెండో అంకె. 2 కోట్ల జీతం పంపితే, మొదటి ఏప్రన్ కింద ఉన్న జట్టు దానికి పైన మరికొంత తెచ్చుకోవచ్చు. 2023 ఒప్పందం మొదలైనప్పుడు ఆ అదనం 75 లక్షలు, క్యాప్‌తో పాటు ఏటా పెరుగుతోంది. కానీ పంపినదానికంటే ఒక్క డాలర్ ఎక్కువ తెచ్చుకున్నా, ఆ సీజన్ అంతా మొదటి ఏప్రన్ దాటలేరు. ఏప్రన్ పైన ఉంటే 2 కోట్లకు 2 కోట్లే. రెండో ఏప్రన్ పైన ఉంటే ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద జీతం తెచ్చుకోవడం కుదరదు, నగదు పంపడమూ కుదరదు. అవతలి జట్టుకూ ఇదే లెక్క వెయ్యి. ట్రేడ్‌లు ఎక్కువగా మన వైపు కాదు, వాళ్ల వైపే ఆగిపోతాయి.

టాక్స్ మాట. టాక్స్ లెక్కకట్టేది రెగ్యులర్ సీజన్ ఆఖరి రోజు జీతాల మీద. అంటే సమాన జీతాలు మార్చుకుంటే అవతలివాళ్లకు ఈ ఏటి టాక్స్ తగ్గదు, వచ్చే ఏటి భారమే తగ్గుతుంది. బేరంలో ఈ తేడా మరిచిపోతే లేని లాభాన్ని అమ్మజూపినట్టు అవుతుంది.

ఆటగాడి సమ్మతి కావాలేమో చూడు. ఒక్క ఏడాది కాంట్రాక్టు మీద ఉండి, ఏడాది చివర బర్డ్ హక్కులు లేదా వాటి చిన్న రూపమైన ఎర్లీ బర్డ్ హక్కులు రావాల్సినవాడు ట్రేడ్‌కు ఒప్పుకుంటే ఆ హక్కులు పోతాయి, అందుకే కాదనే అధికారం అతనికుంది. ఇప్పుడు సంతకం చేసేటప్పుడే దాన్ని వదులుకునే వీలుంది, కాంట్రాక్టులో ఆ వాక్యం ఉందో లేదో చూడు. 2008 ఫిబ్రవరిలో డల్లాస్ ఆటగాడు డెవియన్ జార్జ్ కాదన్నందుకు ఆ జట్టుకు జేసన్ కిడ్ ట్రేడ్ ఆగి, మళ్లీ మొదటి నుంచి కూర్చాల్సి వచ్చింది. మామూలు కాంట్రాక్టు అయితే బర్డ్ హక్కులు ఆటగాడితోపాటే వెళతాయి. ఈ రోజుల్లో అవతలివాళ్లు చాలాసార్లు కొనేది దాన్నే.

ఇంకో రకం పొరపాటు, కొనేవాళ్లది. 2010 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఆ వేసవికి ఖాళీ కోసం, సుమారు 2.3 కోట్ల ట్రేసీ మెక్‌గ్రేడీ గడువు కాంట్రాక్టును తీసుకుంది. జారెడ్ జెఫ్రీస్ కాంట్రాక్టు వదిలించుకోవడానికి జోర్డన్ హిల్‌నూ, 2012 మొదటి రౌండ్ పిక్‌నూ, 2011లో పిక్ మార్చుకునే హక్కునూ హ్యూస్టన్‌కు ఇచ్చింది. స్టార్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కోసమే ఆ ఖాళీ అని లీగ్ అంతటికీ తెలుసు కాబట్టి ధర పెరిగింది. లెబ్రాన్ మయామీ వెళ్లాడు. మీరు అమ్మేవైపు ఉన్నారు కాబట్టి, ఇలా బహిరంగమైన అవసరం ఉన్న జట్టు ఎవరో ముందు వెతుకు.

ఆ కాగితం ఒక్కటే ఎవరినీ ఒప్పించదు. 2008లో లేకర్స్ పావ్ గసోల్‌ను తెచ్చినప్పుడు క్వామే బ్రౌన్ గడువు కాంట్రాక్టు జీతాల లెక్క కుదిర్చింది. మెంఫిస్‌కు చివరకు మిగిలిన విలువ మాత్రం అదే ట్రేడ్‌లో డ్రాఫ్ట్ హక్కులు వెళ్లిన పావ్ తమ్ముడు మార్క్ గసోల్. కాబట్టి తోడుగా ఏ పిక్, ఏ కుర్రవాడు అన్నది కూడా నువ్వే సూచించు. వరసగా రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు లేకుండా చేసుకోకూడదన్న నియమం చూసుకో.

డెడ్‌లైన్ దాటాక ఈ ఏటితో ముగిసే కాంట్రాక్టును ట్రేడ్ చేయలేం, జూన్ డ్రాఫ్ట్ రాత్రి కూడా. జులైలో సైన్ అండ్ ట్రేడ్ (కొత్త కాంట్రాక్టు రాసి వెంటనే పంపడం) ఒక్కటే దారి. దానికి ఆటగాడు ఒప్పుకోవాలి, కనీసం మూడేళ్ల కాంట్రాక్టు కావాలి, తీసుకునే జట్టు మొదటి ఏప్రన్ దాటకూడదు. దాన్ని నమ్ముకుని నోటు రాయకు.

ఒక్కటి మాత్రం మామయ్యగా అడుగుతున్నాను. నువ్వు రాసే అంకె వెనక ఒక మనిషి ఉన్నాడు, పిల్లల్ని బడి మధ్యలో మాన్పించి ఊరు మారాల్సినవాడు. ట్రేడ్ ఖాయమైతే అతని ఏజెంటుకు ముందుగా ఫోన్ వెళ్లాలని నోటు చివర ఒక వాక్యం రాయి. మీ పెద్దలు నవ్వినా రాయి.

ఆ గురువారం లీగ్ ఆఫీసుకు కాల్ మూడు గంటలలోపే వెళ్లాలి. కాబట్టి లెక్కలన్నీ ముందు రోజే ఇంకొకరి చేత సరిచూపించుకో. పన్నెండింటికల్లా భోంచెయ్, ఆ తర్వాత నిన్ను ఎవరూ లేవనివ్వరు. అక్కడ మూడయ్యేసరికి ఇక్కడ మాకు రాత్రి ఒంటిగంటన్నర అవుతుంది. ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాం.

మామయ్య