సిగ్నల్ అందని పోస్ట్‌పెయిడ్ ప్లాన్: ఏడాది ఒప్పందం నుంచి బయటపడాలంటే

సందేహం: ఏడు నెలల క్రితం ఇంట్లో మూడు నంబర్లకు కలిపి ఒక పోస్ట్‌పెయిడ్ ప్లాన్ తీసుకున్నాం. నెలకు 1,400 రూపాయల ప్లాన్‌ను, ఏడాది ఉంటామంటే 1,200కే ఇస్తామన్నారు. ఇంటికొచ్చి సిమ్‌లు ఇచ్చిన ఏజెంటు సిగ్నల్‌కు ఢోకా లేదన్నాడు. మొదటి నెల నుంచీ పడకగదుల్లో మాట తెగిపోతోంది, బ్యాంకు ఓటీపీ కోసం బాల్కనీలోకి పరిగెత్తాలి. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. వదిలేస్తామంటే మిగిలిన ఐదు నెలలకు 6,000 కట్టి వెళ్లమంటున్నారు. బిల్లు కట్టడం ఆపేస్తే ఏమవుతుంది?

సమాధానం: బిల్లు ఆపకండి. గెలవాల్సిన వాళ్లు ఓడిపోయేది చాలావరకు ఇక్కడే. గడువు దాటిన బాకీ ఉంటే నంబరు పోర్ట్ చేసుకోవడానికి, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారడానికి వీలుండదు. పైగా, కంపెనీ సరైన సేవ ఇవ్వలేదన్న మీ వాదన పక్కకు పోయి, మీరు బాకీ ఎగ్గొట్టారన్న వాళ్ల వాదన ముందుకొస్తుంది. బయటపడేదాకా వచ్చిన ప్రతి బిల్లూ గడువులోగా కట్టి, రసీదు దాచుకోండి.

మీ ముందు మూడు పనులున్నాయి: రుజువు సేకరించడం, నంబర్లను బయటకు తెచ్చుకోవడం, డబ్బు సంగతి తేల్చుకోవడం. ఈ వరస తప్పకూడదు. పోర్ట్ అయిన క్షణం పాత సిమ్ పనిచేయడం మానేస్తుంది, ఆ తర్వాత సిగ్నల్ లేదని చూపించడానికి ఏమీ మిగలదు. అలాగని ముందే కేసు వేస్తే, నంబరు న్యాయవివాదంలో ఉందన్న కారణంతో పోర్టింగ్‌ను నిరాకరించే అవకాశం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009 నంబర్ పోర్టబిలిటీ నిబంధనలు అనుమతించిన కారణాల్లో అదీ ఒకటి.

రుజువు విషయంలో 'సిగ్నల్ సరిగా రావడం లేదు' అన్న మాట సరిపోదు, అంకె కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి చెప్పే భాగంలో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. అది మైనస్ అంకె. 4జీలో మైనస్ 90 కంటే మెరుగ్గా ఉంటే మంచి సిగ్నల్, మైనస్ 110 దాటి కిందికి పోతే మాట నిలవడం కష్టం. ఆ అంకె పది కిందికి దిగిన ప్రతిసారీ బలం పదో వంతుకు పడిపోతుంది కాబట్టి, బాల్కనీలో మైనస్ 85, పడకగదిలో మైనస్ 115 ఉందంటే లోపలికి చేరేది వెయ్యో వంతే. రెండు వారాల పాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అవే మూడు చోట్ల స్క్రీన్‌షాట్లు తీయండి. తెగిపోయిన కాల్స్ తేదీ, సమయం ఒక కాగితం మీద రాసుకోండి.

దీనికి తోడు ఒక చిన్న పరీక్ష చేయండి. మీ సిమ్‌ను వేరే ఫోన్‌లో, వేరే కంపెనీ సిమ్‌ను మీ ఫోన్‌లో వేసి అదే గదిలో అంకెలు చూడండి. లోపం హ్యాండ్‌సెట్‌దేనని కంపెనీ మొదట వేసే ఎత్తుకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. వైఫై కాలింగ్ వాడుకోమని కూడా అంటారు. ఒకసారి వాడి చూసి, ఫలితం రాసి పెట్టండి. బ్రాడ్‌బ్యాండ్‌కు మీరు విడిగా డబ్బు కడుతున్నారు కాబట్టి అది వాళ్ల సేవకు ప్రత్యామ్నాయం కాదని తర్వాత వాదించవచ్చు. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాలని 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనలు చెబుతున్నాయి. మీ ఇల్లు ఆ మ్యాపులో కవరేజీ ఉన్నట్టు చూపిస్తుంటే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఏజెంటు నోటిమాటను నిరూపించలేరు, మ్యాపును కాదనడం మాత్రం కంపెనీకి కష్టం.

ఇప్పుడు 198కి ఫోన్ చేసి, మీ చిరునామాలో సిగ్నల్ లేదని ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి. మీరు ఇదివరకు చేసిన కాల్స్‌కు డాకెట్ నంబర్లు లేకపోతే, రికార్డులో అవి జరగనట్టే. పరిష్కారం కాకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా 30 రోజుల్లో అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. ఫీజు లేదు, ఈమెయిల్ చాలు, 39 రోజుల్లో తేల్చాలి. నేరుగా ట్రాయ్‌కి రాసి ఎదురుచూడటం దండగ. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు.

పోర్టింగ్‌కు ముందు మీరు సంతకం పెట్టిన దరఖాస్తు ఫారం, షరతుల కాపీ రాతపూర్వకంగా అడగండి. చూడాల్సింది ఒక్కటే: మధ్యలో వెళ్లిపోతే ఏం కట్టాలన్న ఎగ్జిట్ క్లాజ్ అందులో ఉందా, ఎంత అని ఉంది? ఒప్పందంలో ఉన్న ఎగ్జిట్ క్లాజ్‌ను పాటించకపోవడం పోర్టింగ్ నిరాకరణకు చెల్లే కారణం. ఫోన్‌లో ఎవరో చెప్పిన లెక్కకు ఆ బలం లేదు.

ఆ తర్వాత ఒక్కో నంబరు నుంచి విడివిడిగా పోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబరు రాసి 1900కు ఎస్ఎంఎస్ పంపండి. కనెక్షన్ తీసుకుని 90 రోజులు దాటాయి కాబట్టి, ఆలోపు పోర్ట్ చేయకూడదన్న అడ్డు మీకు లేదు. ఈమధ్య సిమ్ మార్చుకుని ఉంటే మాత్రం ఏడు రోజులు ఆగాలి. ఎనిమిది అక్షరాల పోర్టింగ్ కోడ్ జవాబుగా వస్తే గట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. బాకీలు, ఎగ్జిట్ క్లాజ్ లాంటివన్నీ పాత కంపెనీ వ్యవస్థలో అప్పటికప్పుడు సరిచూశాకే ఆ కోడ్ పుడుతుంది. అంటే మిమ్మల్ని ఆపే షరతేదీ తమ దగ్గర లేదని కంపెనీయే చెప్పినట్టు. ఆ మెసేజ్‌ను భద్రపరచండి. కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ టెలికాం లెక్కలో ఒకే సర్కిల్ కనుక, ఈ రెంటి మధ్యా మూడు పనిదినాల్లో పోర్టింగ్ అయిపోవాలి. కొత్త కంపెనీ సిగ్నల్ మీ పడకగదిలో ఎలా ఉందో దరఖాస్తుకు ముందే చూసుకోండి.

కోడ్ రాకుండా తిరస్కరణ వస్తే కారణం కూడా వస్తుంది. ఎగ్జిట్ క్లాజ్ అని వస్తే, ఒప్పందంలో నిజంగా రాసి ఉన్న మొత్తాన్ని 'అభ్యంతరం తెలుపుతూ, తిరిగి రాబట్టుకునే హక్కును వదులుకోకుండా కడుతున్నాను' అని ఈమెయిల్ పెట్టి కట్టండి. నంబరు చేతికొచ్చాక డబ్బు కోసం పోరాడవచ్చు.

అసలు చిక్కు చివరి బిల్లులో వస్తుంది. ఎగ్జిట్ చార్జీని అందులో కలిపి, కట్టలేదని కొత్త కంపెనీకి రాసి నంబరును కట్ చేయించే పద్ధతి ఒకటుంది. చివరి బిల్లు వచ్చిన రోజే వాడకానికి అయిన డబ్బు కట్టేసి, మిగతా మొత్తంపై పాత కంపెనీలో బిల్లింగ్ ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి. డిపాజిట్ ఉంటే దాన్ని ఏ లెక్కలో సర్దారో రాసి ఇమ్మనండి. అయినా కట్ చేస్తామని నోటీసు వస్తే, నంబరు పోగొట్టుకోవడం కన్నా అభ్యంతరంతో కట్టడమే మేలు.

ఇక 6,000 న్యాయమేనా? భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, దక్కేది సహేతుకమైన పరిహారమే. రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. మీకు ఇచ్చిన రాయితీ నెలకు 200, ఏడు నెలలకు 1,400. కంపెనీ ఏదైనా అడగగలిగితే ఆ చుట్టుపక్కలే. ఇవ్వబోని ఐదు నెలల సేవకు పూర్తి ప్లాన్ అద్దె అడగడం నిలబడదు. పైగా ఇక్కడ ఒప్పందం ముందు తప్పింది కంపెనీయే అని మీ వాదన. సిమ్‌లు తీసుకున్నాక మీరే ఇల్లు మారి ఉంటే ఈ రెండో వాదన బాగా నీరసపడేది, సెక్షన్ 74 ఒక్కటే దిక్కయ్యేది. కనెక్షన్ ఇచ్చిన ఇంట్లోనే సిగ్నల్ లేకపోవడం మీకు అనుకూలం.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు. టెలికాం వివాదాలు మధ్యవర్తిత్వానికే పోవాలంటూ 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పును అవతలి వకీలు చూపించవచ్చు. 2022 ఫిబ్రవరి 16న అదే సుప్రీంకోర్టు వినియోగదారుల కమిషన్లకు ఈ ఫిర్యాదులు వినే అధికారం ఉందని తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 'సేవ' నిర్వచనంలో టెలికాం అన్న మాటే ఉంది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. 'అన్యాయమైన ఒప్పందం' అని శీర్షిక పెడితే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది, జిల్లా కమిషన్ తిప్పి పంపవచ్చు. 'సేవాలోపం' అనే రాయండి. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయండి. కోరేవి కొద్దిగా, లెక్కతో ఉండాలి: ఎగ్జిట్ చార్జీ రద్దు లేదా వాపసు, డాకెట్ నంబరు తేదీ నుంచి కట్టిన అద్దెలో కొంత వాపసు, ఖర్చులు. నంబర్లు కట్ చేస్తారన్న భయం ఇంకా ఉంటే, తుది తీర్పు వచ్చేదాకా కట్ చేయమన్న అభ్యర్థనను కొత్త కంపెనీకి పంపకుండా, వసూలు ఏజెంట్లను ఇంటికి పంపకుండా కంపెనీని ఆపమని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర దరఖాస్తును ఫిర్యాదుతో పాటే దాఖలు చేయండి.