జ్వరమొస్తే మందుల షాపుకి పరిగెత్తకు

చిన్నా,

హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెలే హాస్టల్లో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. గుండెలో వాల్వు పెట్టి ఏడాది తిరక్కముందే ఒక్కడివీ బయల్దేరుతున్నావు. గర్వంగానే ఉందిరా, నిద్రే పట్టట్లేదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన ఎసిట్రోమ్ రోజూ ఒకే టైముకి వేసుకో, ఆ మందు సరిపోతోందో లేదో చూసే ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష మానకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా జ్వరం గురించే. మా అన్నయ్య, అదే మీ సోంపేట పెదనాన్న, ఆయనదీ లోహపు వాల్వే. ఓ ఎండాకాలం పొద్దువాలితే చలిజ్వరం, తెల్లారేసరికి ఒళ్ళంతా చెమట. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ పొడిస్తే రెండ్రోజులు తగ్గింది, మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగాడు. అలా నెల గడిచింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, బొటనవేలి గోరు కింద సన్నగా, నిలువుగా ఎర్రటి గీత. "కొబ్బరి పీచు గుచ్చుకుందే" అన్నాడు. ఉద్దానం మనిషికి ఏ గీతైనా పీచు గీతే! వార్డుల్లో జుట్టు నెరిసిన నర్సుని, అది వాల్వుకి క్రిమి పట్టిన గుర్తు కావచ్చని నాకు మాత్రం కాళ్ళు వణికాయి. విశాఖపట్నం తీసుకెళ్ళాం. మూడుసార్లు రక్తం తీసి, అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే కల్చర్ పరీక్షకి పంపితే ఏమీ పెరగలేదు. అరకొరగా మింగిన మందులు సూక్ష్మజీవిని చంపలేదు, పరీక్షకి దొరక్కుండా చేశాయంతే. వాల్వుకి ప్రాణం లేదు కదా, దాని మీద అది జిగురు పొర కట్టుకుని కూర్చుంటే మందు లోపలికి సరిగ్గా పోదు. ఏ క్రిమో తెలియకుండానే ఆరు వారాలు నరానికి మందులెక్కించారు. చివరికి మళ్ళీ గుండె కోసి వాల్వు మార్చారు. బతికాడు గానీ, మునుపటి మనిషి కాలేదు.

అందుకే జ్వరమొస్తే వాల్వు కార్డు పట్టుకుని నేరుగా గుండె డాక్టరున్న ఆసుపత్రికి వెళ్ళు. "ముందు బ్లడ్ కల్చర్‌కి రక్తం తియ్యండి, తర్వాతే యాంటీబయాటిక్" అని అడుగు. సిగ్గుపడకు.

జీళ్ళు నమిలి నాశనం చేసుకున్న ఆ దవడ పన్ను శ్రీకాకుళంలోనే చూపించుకుని వెళ్ళు. చిగుళ్ళ నుంచి కూడా క్రిములు రక్తంలోకి దూరతాయి. పన్ను పీకేముందు, అరగంట నుంచి గంటలోపు, 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇస్తారు. పెన్సిలిన్ పడనివాళ్ళకి వేరే మందుంటుంది. నీకు వాల్వుందని నువ్వే చెప్పాలి. ఎసిట్రోమ్ సొంతంగా ఆపకు.

చేతి మీద టాటూ వేయించుకుంటానన్నావట. ఆ సూది పోట్ల నుంచీ క్రిములు దూరొచ్చు, కాళ్ళు విరగ్గొడతాను.

ఆదివారం మావయ్య పలాస జీడిపప్పు పట్టుకొస్తారు. రూమ్మేట్లకి పెట్టు, తిన్నాక నోరు పుక్కిలించు. కొత్త టూత్‌బ్రష్ కూడా పంపిస్తున్నాను, నవ్వకు.

మీ అత్త