ఆంధ్రప్రదేశ్‌ ఆర్థికంగా ఎందుకు ఇబ్బంది పడుతోంది? కోలుకునే దారి ఉందా?

అప్పు ఎంతన్నదాని కంటే, దేనికి తెస్తున్నారన్నదే అసలు చిక్కు. 2014 విభజనలో ఉమ్మడి అప్పులో చాలాభాగాన్ని జనాభా లెక్కన పంచారు, ఆంధ్రకు 58.32 శాతం. పన్నులు రాల్చే హైదరాబాద్ మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. అప్పటి నుంచి రెవెన్యూ లోటే. అంటే జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాల ఖర్చులో కొంత అప్పుతోనే గడుస్తోంది. అలాంటి అప్పు తిరిగి ఆదాయం తెచ్చిపెట్టదు.

కేంద్ర నిధులు రాష్ట్రాలకు ఎలా పంచాలో చెప్పే పదిహేనో ఆర్థిక సంఘం, ఈ లోటు భర్తీకి 2021-22లో 17,257 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. 2023-24కి అది 2,691 కోట్లకు తగ్గింది, ఆ తర్వాత సున్నా. కేంద్రం రాష్ట్రాలకు పంచే పన్నుల్లో ఆంధ్ర వాటా కూడా ఆ సంఘం కాలంలో 4.305 నుంచి 4.047 శాతానికి పడిపోయింది. కార్పొరేషన్ల పేరిట అప్పు తెచ్చే అడ్డదారీ ఇరుకైంది: ఖజానా తీర్చే అలాంటి రుణాలను 2022 నుంచి కేంద్రం రాష్ట్ర అప్పుల పరిమితిలోనే లెక్కిస్తోంది.

ఆశ ఎక్కడంటే పోలవరం, విశాఖ, రేవులు. అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) దాదాపు 79 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేశాయి. కానీ రాజధాని పన్నులివ్వడానికి ఏళ్లు పడుతుంది. ముందుగా ఫలితమిచ్చేవి రేవులు, వాటి వెనుక పరిశ్రమలే.